ఎదుటి పక్షంలో ఎవరిని చదవాలి?

అరుపులకు కొదవ లేదు. మన అభిప్రాయం తప్పేమోనన్న అనుమానం పుట్టించగల రచయితను వెతికి పట్టుకోవడమే నేటి పాఠకుడికి కష్టమైపోయింది

2020 డిసెంబర్. ఢిల్లీ శివార్లలోని సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో ట్రాక్టర్ ట్రాలీలనే ఇళ్లుగా చేసుకుని పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు ఎముకలు కొరికే చలిలో కూర్చున్నారు. టీవీ స్టూడియోల్లో మాత్రం సెగలు రేగుతున్నాయి. ఒకరి దృష్టిలో ఆ రైతులు ఖలిస్థానీలు. ఇంకొకరి దృష్టిలో కొత్త వ్యవసాయ చట్టాలను సమర్థించే ప్రతివాడూ కార్పొరేట్ల ఏజెంటే. ఫోన్లలోకి వచ్చిపడే వీడియోలు ఈ రెండు తిట్లనే అటూ ఇటూ మోశాయి.

అదే సమయంలో ఇద్దరు వ్యక్తులు ఈ గోలతో పని లేకుండా రాస్తూ పోయారు. ఒకరు అశోక్ గులాటీ. మద్దతు ధరలను సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు-ధరల కమిషన్‌కు ఒకప్పుడు చైర్మన్‌గా ఉన్న ఆర్థికవేత్త. రెండోవారు పాలగుమ్మి సాయినాథ్. తెలుగు కుటుంబంలో పుట్టి, దేశంలోని అత్యంత పేద జిల్లాల్లో తిరిగి రాసి, 2007లో మెగసెసె అవార్డు అందుకున్న పాత్రికేయుడు. ఒకరు చట్టాలు కావాలన్నారు, ఒకరు వద్దన్నారు. ఇద్దరూ ఊరికే అనలేదు.

గులాటీ వాదన సూటిగానే ఉంటుంది. పంటను మార్కెట్ యార్డులోనే అమ్మాలన్న కట్టడి పోతే రైతుకు మరో కొనుగోలుదారు దొరుకుతాడు. నిత్యావసరాల చట్టం కింద నిల్వలపై ఉన్న ఆంక్షలు సడలితే గోదాముల్లోకి ప్రైవేటు పెట్టుబడి వస్తుంది. పరిశ్రమకు 1991లో దొరికిన వెసులుబాటు వ్యవసాయానికి ఇప్పుడు దొరుకుతోందని ఆయన లెక్క. సాయినాథ్ చట్టం పాఠాన్నే చేతిలోకి తీసుకున్నారు. వివాదం వస్తే సివిల్ కోర్టుకు వెళ్లే దారిని మూసేసిన సెక్షన్లను చూపించి, ఇది రైతుల వ్యవహారం ఒక్కటే కాదు, పౌరులందరి హక్కు సంగతి అన్నారు. చట్టాలను మెచ్చుకున్నవారిలో ఎంతమంది ఆ సెక్షన్లు చదివి ఉంటారన్నది అనుమానమే. తిట్టినవారిలో ఎంతమంది గులాటీ చెప్పిన గోదాముల లెక్క చూసి ఉంటారన్నదీ అంతే అనుమానం.

ఒకే అంకె రెండు పక్షాలకూ ఎలా ఆయుధమైందో చూడండి. మద్దతు ధరకు పంట అమ్ముకోగలుగుతున్నది దేశంలో 6 శాతం రైతులేనని 2015లో శాంతకుమార్ కమిటీ తేల్చింది. 94 శాతానికి అందని ఏర్పాటును పట్టుకుని వేలాడటం దేనికని చట్టాల సమర్థకులు అడిగారు. అందనివారికి అందించాలి గానీ అందుతున్నవారికి కూడా లేకుండా చేస్తారా అని వ్యతిరేకులు అడిగారు. బిహార్ సంగతీ అంతే. ఆ రాష్ట్రం 2006లోనే మార్కెట్ కమిటీల చట్టాన్ని రద్దు చేసింది. యార్డులు పోయాయి, వాటి స్థానంలోకి ప్రైవేటు పెట్టుబడి రాలేదు, ధాన్యం మద్దతు ధర కంటే తక్కువకే పోతోందని ఒక పక్షం. తప్పు రద్దుది కాదు, రోడ్లు, గోదాములు, పరపతి సమకూర్చకపోవడానిదని రెండో పక్షం.

ఇద్దరినీ చదివిన పాఠకుడికి ఒక విషయం బోధపడుతుంది. తగాదా రైతు మీద ప్రేమ ఎవరికి ఎక్కువన్నదాని గురించి కానే కాదు. రెండెకరాల రైతు, వందల కోట్ల వ్యాపారి ఎదురెదురుగా కూర్చుంటే బేరంలో ఎవరి చెయ్యి పైనుంటుంది, రైతు చెయ్యి పట్టుకోవాల్సింది మార్కెట్టా సర్కారా అన్నదే అసలు ప్రశ్న. దానిమీద తెలివైనవాళ్లు, నిజాయితీపరులు కూడా చీలిపోవచ్చు. ఒకరినే చదివినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అతని దృష్టిలో అవతలివాడు అయితే మూర్ఖుడు, లేకుంటే అమ్ముడుపోయినవాడు.

రాజకీయాల్లో ఆసక్తి ఉన్న ఏ చదువుకున్న మనిషినైనా ఒక ప్రశ్న అడిగి చూడవచ్చు. మీకు గిట్టని పక్షంలో ఆలోచన ఉన్న రచయిత పేరు ఒకటి చెప్పండి. చాలామంది తడుముకుంటారు. గిట్టని పక్షంలో నోరు పారేసుకునేవారి పేర్లయితే పది చెబుతారు. కారణం కష్టమైనదేమీ కాదు. అవతలి పక్షంలో మనదాకా వచ్చేది మనల్ని రెచ్చగొట్టే సరుకే. మనవాళ్లే దాన్ని ఏరి, చూశారా వీళ్ల బుద్ధి అంటూ పంపిస్తారు. గులాటీ వ్యాసాన్ని ఎవరూ అలా పంపరు. అందులో కోపం తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు.

వికటించిన మందు

ఇంటర్నెట్ జనాన్ని ఎవరి గదిలో వాళ్లను బంధిస్తోందన్న దిగులు పాతదే. అమెరికా న్యాయశాస్త్ర పండితుడు కాస్ సన్‌స్టీన్ 2001లోనే ఆ హెచ్చరిక చేశారు. 2011లో ఎలీ పరైజర్ దానికి 'ఫిల్టర్ బబుల్' అని పేరు పెట్టారు. వ్యాధి అదైతే మందు కూడా తేలికే అనుకున్నారు అందరూ. అవతలివాళ్ల మాట వినిపిస్తే సరి.

వినిపించి చూశారు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టఫర్ బెయిల్ బృందం 1,600 పైచిలుకు అమెరికన్లను ఎంచుకుంది. వారిలో కొందరికి తలా 11 డాలర్లు ఇచ్చి, ఒక నెలపాటు ట్విట్టర్‌లో ఒక ఖాతాను అనుసరించమంది. అవతలి పక్షానికి చెందిన నాయకులు, మీడియా సంస్థలు, ప్రముఖుల మాటలను రోజుకు 24 చొప్పున వినిపించే యాంత్రిక ఖాతా అది. 2018లో వెలువడిన ఫలితం చూసి ఆశావాదులు కంగుతిన్నారు. ఉదారవాదుల మాటలు విన్న రిపబ్లికన్లు మెత్తబడకపోగా ఇంకా గట్టిపడ్డారు. డెమొక్రాట్లు కూడా కాస్త తమవైపే జరిగినట్టు కనిపించారు గానీ, ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలిచేంతటిది కాదు.

ఇంకో ప్రయోగం 2020 సెప్టెంబర్‌లో జరిగింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే పరిశోధకులు ఫాక్స్ న్యూస్ ప్రేక్షకులకు గంటకు 15 డాలర్లు ఇచ్చి, వారానికి ఏడు గంటల దాకా సీఎన్ఎన్ చూపించారు. కొంత మార్పు కనిపించింది. తాము చూసే చానల్ తమకు కొన్ని సంగతులు చెప్పడం లేదని కొందరు గ్రహించారు. డబ్బులు ఆగాక ఎవరి చానల్‌కు వాళ్లు వెళ్లిపోయారు. రెండు నెలలకల్లా మార్పు దాదాపుగా ఆవిరైంది. 2023లో వెలువడిన ఫేస్‌బుక్ అధ్యయనం మరీ పెద్దది. 23,000 మందికి పైగా వినియోగదారులకు 2020 ఎన్నికల వేళ మూడు నెలలపాటు సొంత పక్షపు సరుకును మూడో వంతు దాకా తగ్గించి చూశారు. వారి రాజకీయ వైఖరుల్లో కొలవదగ్గ మార్పేదీ రాలేదు.

ఇవన్నీ అమెరికా ముచ్చట్లు. రెండు పార్టీల దేశంలో తేలినదాన్ని కులం, ప్రాంతం, భాష, మతం నాలుగు దిక్కులకూ లాగే మన దేశానికి ఉన్నదున్నట్టు అంటగట్టలేం. అయినా ఒక సంగతి గమనించదగ్గది. ట్విట్టర్ ప్రయోగంలో జనానికి తాగించింది నాయకుల, ప్రముఖుల పొట్టి సందేశాలు. అంటే అవతలి పక్షపు నినాదాలు. నినాదాన్ని నినాదంతో కొడితే తల బొప్పి కట్టడం తప్ప ఏం జరుగుతుంది? రెండు వేల మాటల్లో, తన లెక్కలు తాను చూపించి, ఎదుటివాడి ప్రశ్నకు జవాబు చెప్పే వ్యాసాన్ని ఎవరూ ఆ మందులో కలపలేదు.

ఎనిమిది అణాల పుస్తకం

ఇలాంటి వాదాలు ఒకప్పుడు ఈ దేశంలో పత్రికల్లోనే బాహాటంగా నడిచాయి. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసింది. అంటరానితనమనే పాపానికి అది దైవశిక్ష అన్నారు గాంధీ. రవీంద్రనాథ్ టాగూర్‌కు ఒళ్లు మండింది. ప్రకృతి వైపరీత్యానికి నీతితో ముడిపెట్టడం జనంలో ఉన్న మూఢత్వాన్ని పెంచడమేనంటూ ఖండన రాసి పంపారు. దాన్ని అచ్చువేసింది గాంధీ నడిపే 'హరిజన్' పత్రికే. పక్కనే తన జవాబు కూడా వేసుకున్నారాయన. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఈ రోజున చదివితే టాగూరే సరి అనిపిస్తుంది. కానీ ఆ ఖండన పాఠకుడికి చేరింది గాంధీ చేతుల మీదుగానే.

రెండేళ్లకు అంతకంటే పెద్ద తగవు. లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని బి.ఆర్. అంబేడ్కర్‌ను పిలిచింది. ప్రసంగ పాఠం ముందుగా చూసి బెదిరిపోయింది. కొన్ని భాగాలు తీసేయమంటే అంబేడ్కర్ ససేమిరా అన్నారు. సభే రద్దయింది. కులం పోవాలనే సంస్కర్తలకే మింగుడుపడని ఆ ప్రసంగాన్ని 1936లో ఆయన సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేశారు. అదే 'కుల నిర్మూలన'. గాంధీ దాన్ని చదివి 'హరిజన్'లో విమర్శ రాశారు. అంబేడ్కర్ వాదనను తిప్పికొట్టే ప్రయత్నం చేస్తూనే, సంస్కర్త అనేవాడెవడూ ఈ పుస్తకాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని తన పాఠకులకు చెప్పారు. అక్కడితో ఊరుకోక ఎనిమిది అణాల ధర ఎక్కువైందని, రెండణాలకో, కనీసం నాలుగణాలకో అమ్మాల్సిందని కూడా రాశారు. తన మీద ఎక్కుపెట్టిన పుస్తకం మరింత చవగ్గా దొరకాలని కోరుకునే రాజకీయ నాయకుడు మళ్లీ ఎక్కడైనా కనిపించాడా?

అంబేడ్కర్ చేసినదీ అంతే విశేషం. 1937లో రెండో కూర్పు తెస్తూ గాంధీ విమర్శను పూర్తిగా అందులో చేర్చి, ఆపైన తన జవాబు రాశారు. ఆ జవాబులో మొహమాటం మచ్చుకైనా ఉండదు. గాంధీ వాదనను ముక్కలు ముక్కలుగా విడగొట్టి పెట్టారు. పాఠకుడు రెంటినీ ఒకే అట్టల మధ్య చదువుకోగలగడమే అందులోని గొప్పతనం.

తెలుగునేలకు సంబంధించిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది. నాస్తికుడు గోరా 1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీని కలిశారు. దేవుడు లేడనే మనిషి, దేవుడి పేరు లేనిదే రోజు మొదలుపెట్టని మనిషి. వారి మాటలు ఒక్క పూటతో తెగలేదు, కొన్నేళ్లు సాగాయి. గోరా కుమార్తెకూ ఒక దళిత యువకుడికీ సేవాగ్రామ్‌లో పెళ్లి జరిపించాలనుకున్నప్పుడు, ప్రమాణంలో దైవం బదులు సత్యం అనేందుకు గాంధీ ఒప్పుకున్నారని గోరా రాశారు. పెళ్లి నాటికి గాంధీ లేరు. 1948 మార్చిలో అది సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఆ సంభాషణలతో గోరా రాసిన 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' 1951లో వెలువడింది. ప్రచురించింది గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థ.

అలాగని ఆ రోజులను నెత్తికెత్తుకోనక్కర్లేదు. చదవడం వచ్చినవాళ్లే ఆనాడు గుప్పెడు. 'కుల నిర్మూలన'ను సభలో చదవనివ్వకపోవడం కూడా ఆ కాలపు సంగతే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ సంప్రదాయం కొన్ని చిన్న పత్రికల్లో బతికింది. రొమేశ్ థాపర్, రాజ్ థాపర్ దంపతులు 1959లో మొదలుపెట్టిన 'సెమినార్' మాసపత్రిక ఒక్కో సంచికకు ఒక్కో సమస్య ఎంచుకుంటుంది. ముందు సమస్యను విడమరిచి చెబుతుంది. తర్వాత రకరకాల అభిప్రాయాలవారి చేత రాయిస్తుంది. ఎమర్జెన్సీలో ప్రతి అక్షరం ముందే సెన్సార్‌కు చూపించాలంటే, చూపించేది లేదని 1976లో మూతపడి, ఎమర్జెన్సీ సడలాక మళ్లీ వచ్చింది. నెహ్రూ ఆర్థిక విధానాన్ని ఎదిరించినవారికి 'స్వరాజ్య' వేదికైంది. నెల్లూరు బిడ్డ ఖాసా సుబ్బారావు 1956లో ప్రారంభించిన వారపత్రిక అది. పేరు మాత్రం అంతకుముందు ఆంధ్రకేసరి ప్రకాశం నడిపిన పత్రికదే. లైసెన్సు-పర్మిట్ రాజ్ అన్న మాటను దేశానికిచ్చిన రాజాజీ అందులో వారం వారం నెహ్రూను దుమ్మెత్తిపోసేవారు. ఆయన, ఆచార్య రంగా 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు రంగా తొలి అధ్యక్షుడయ్యారు. 1967లో 44 లోక్‌సభ స్థానాలు గెలిచిన ఆ పార్టీ తర్వాత కనుమరుగైంది. దాని వాదనల్లో చాలా వాటిని 1991లో కాంగ్రెస్ ప్రభుత్వమే, అదీ పి.వి. నరసింహారావు హయాంలో, అమలుచేసింది. ముప్పై ఏళ్ల ముందు 'స్వరాజ్య' చదివిన నెహ్రూవాది ఎవరైనా ఉంటే ఆయనకు 1991 అంతగా ఆశ్చర్యం కలిగించి ఉండదు.

ఎక్కడున్నారు మీవాళ్లు?

2015 మార్చిలో చరిత్రకారుడు రామచంద్ర గుహ 'కారవాన్' పత్రికలో ఒక ప్రశ్న వేశారు. మితవాద పార్టీ పూర్తి మెజారిటీతో దేశాన్ని ఏలుతోంది గానీ మితవాద మేధావులేరీ? ఆ పక్షంలో నినాదకర్తలున్నారు, ప్రచారకులున్నారు, పండితులు మాత్రం కనిపించడం లేదన్నది ఆయన ఫిర్యాదు. అవతలివాళ్లు భగ్గుమన్నారు. విశ్వవిద్యాలయాల తలుపులు దశాబ్దాలపాటు మాకు మూసి, ఇప్పుడొచ్చి మీ పండితులెక్కడని అడుగుతారా అన్నది వారి జవాబు. రెంటిలోనూ కొంత నిజముంది. గుహ ప్రశ్నలో కాస్త అతిశయం కూడా ఉంది. జవాబులో సొంత బద్ధకాన్ని కప్పిపుచ్చుకునే ధోరణి కూడా ఉంది.

ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది. 'స్వరాజ్య' 2014లో ఇంటర్నెట్‌లో పునర్జన్మ ఎత్తింది. దాదాపు అదే కాలంలో అవతలి ఒడ్డున 'స్క్రోల్', 'ద వైర్' వచ్చాయి. హిందుత్వ రాజకీయ భావనలను వాటి సొంత మాటల్లో తెలుసుకోదలచిన పాఠకుడికి స్వపన్ దాస్‌గుప్తా 2019లో కూర్చిన 'అవేకెనింగ్ భారత్ మాతా' సంకలనం ఉంది. అమలాపురం నుంచి సంఘ్ పెద్దల వరుసకు ఎదిగిన రాం మాధవ్ ఇంగ్లీష్ దినపత్రికల్లో రాసే వ్యాసాలు, 2021లో తెచ్చిన 'ద హిందుత్వ పారడైమ్' ఉన్నాయి. వారిని చదివే మితవాద అభిమాని, మరి వామపక్షపు ప్రభాత్ పట్నాయక్‌నో, ఉదారవాది ప్రతాప్ భాను మెహతానో కూడా చదువుతాడా? ఆర్థిక విషయాల్లో అయితే పని ఇంకా సులువు. వృద్ధి ముందా, విద్య, ఆరోగ్యం ముందా అన్న తగవులో జగదీశ్ భగవతి, అరవింద్ పనగారియా ఒకవైపు, అమర్త్య సేన్, జాన్ డ్రేజ్ మరోవైపు రాసిన రెండు పుస్తకాలు 2013 నాటికల్లా అంగళ్లలో పక్కపక్కనే ఉన్నాయి. టీవీలు దాన్ని మోదీ, రాహుల్ గాంధీల పందెంగా మార్చి చూపించాయి. పుస్తకాలు తెరిస్తే రెండు పక్షాలకూ వృద్ధీ కావాలి, బడులూ కావాలి. ముందువెనకల మీదే పేచీ.

ఆ రెండు పత్రికలు

తెలుగు పాఠకుడి ఇబ్బంది ఇంకో రకం. ఇక్కడ ఏ పత్రిక ఏ పార్టీదో గుమ్మంలో పేపర్ పడేసే కుర్రాడికి కూడా తెలుసు. ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి బహిరంగ సభల్లో 'ఆ రెండు పత్రికలు' అనేవారు. పేర్లు చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. 2008లో ఆయన కుటుంబం సొంత పత్రిక పెట్టాక సంగతి పూర్తిగా తేటపడింది. ఇంట్లో ఒక పేపర్, టీకొట్లో ఇంకో పేపర్ చదివి, రెంటికీ మధ్యన నిజం ఎక్కడో ఉంటుందనుకోవడం తెలుగువాడికి అలవాటైపోయింది. అయితే రెండు పక్షపాతాలను కలిపి రెండుతో భాగిస్తే ఆలోచన రాదు. ఆ పేపర్లు తలపడేది ఎవరు ఎంత తిన్నారన్నదాని మీదే గానీ, నీళ్లు ఎలా పంచాలి, రాజధాని ఎందుకు, ఎక్కడ అన్న ప్రశ్నల మీద కాదు.

తెలంగాణ వాదం నడిచిన రోజుల్లో ఈ జబ్బు ముదిరింది. విచిత్రమేమంటే రెండు పక్షాల వాదనలూ ఒకేచోట దొరికే పుస్తకం ఆ రోజుల్లోనే తయారైంది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 30న ఇచ్చిన 461 పేజీల నివేదిక. అందులో ఆరు ప్రత్యామ్నాయాలున్నాయి. తెలంగాణ ప్రాంతీయ మండలితో రాష్ట్రాన్ని కలిపి ఉంచడం మొదటి ఎంపిక. హైదరాబాద్ రాజధానిగా తెలంగాణను విడదీయడం రెండోది. సమైక్యవాదులు మొదటిదాన్ని చింపుకుని జేబులో పెట్టుకున్నారు. తెలంగాణవాదులు మొత్తం నివేదికనే చెత్తబుట్టలో వేశారు. రాయలసీమ వెనకబాటు గురించి కమిటీ చూపిన అంకెలు రెండు పక్షాలకూ ఇబ్బందికరమైనవే కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. సీమవాసుల కొద్ది గొంతులు తప్ప.

సొంత పక్షంతో తగవు పడే రచయిత ఎలా ఉంటాడో తెలుసుకోవాలంటే కె. బాలగోపాల్‌ను చదవాలి. గణితం చదివి, పౌరహక్కుల ఉద్యమంలోకి వచ్చి, ఎన్‌కౌంటర్ హత్యల మీద జీవితమంతా పోరాడిన మనిషి. ఉద్యమకారుల హింసను కూడా ప్రశ్నించాల్సిందేనన్న తగవుతో పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి, మరికొందరితో కలిసి 1998లో మానవ హక్కుల వేదిక స్థాపించారు. 2009 అక్టోబర్‌లో కన్నుమూశారు. తెలుగులో, ఇంగ్లీష్‌లో ఆయన రాసిన వ్యాసాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోలీసులను సమర్థించేవాళ్లు చదివినా, అడవిలో ఉన్నవాళ్లను సమర్థించేవాళ్లు చదివినా ఏదో ఒక పేజీలో గుచ్చుకుంటుంది.

పూర్వపక్షం అనే మాట

ఇంతకీ పనికొచ్చే ప్రత్యర్థిని గుర్తుపట్టడం ఎలా? మన దార్శనికులకు దీనికో పద్ధతి ఉండేది. ముందు ఎదుటివాడి వాదాన్ని అతను కూడా ఔననేలా చెప్పాలి. అదే పూర్వపక్షం. ఆ తర్వాతే సిద్ధాంతం. విజయనగర కాలపు మాధవాచార్యుడి 'సర్వదర్శన సంగ్రహం' మొదలయ్యేదే చార్వాకుల మతంతో. వేదాలను వెక్కిరించిన చార్వాకుల గురించి ఈ రోజు మనకు తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్ల ప్రత్యర్థులు రాసిపెట్టినదే. కాలక్రమంలో తెలుగులో 'పూర్వపక్షం చేశాడు' అంటే కొట్టిపారేశాడనే అర్థం స్థిరపడిపోయింది. వినే భాగం పోయి కొట్టే భాగమే మిగిలిందన్నమాట.

ఈ కొలత నేటికీ పనికొస్తుంది. ఒక వ్యాసంలో ఎదుటివాడి వాదన చదివి, ఆ ఎదుటివాడు ఔను, నేనన్నది ఇదే అనగలిగితే ఆ రచయిత నమ్మదగినవాడు. తనవాళ్లకు ఇబ్బంది కలిగించే అంకెను దాచకుండా చెప్పడం మరో గుర్తు. అవసరమైతే సొంత గూటికి దూరం కావడానికి సిద్ధపడటం కూడా గుర్తే గానీ దాన్ని జాగ్రత్తగా వాడాలి. ఉన్నత విద్యలో ఓబీసీ కోటాను వ్యతిరేకిస్తూ 2006లో ప్రతాప్ భాను మెహతా నేషనల్ నాలెడ్జ్ కమిషన్‌కు రాజీనామా చేశారు. అదే నెలల్లో యోగేంద్ర యాదవ్, సతీశ్ దేశ్‌పాండే కోటాను సమర్థిస్తూనే కులంతో పాటు ఇతర వెనకబాట్లకు కూడా పాయింట్లు ఇచ్చే మరో నమూనా ముందుకు తెచ్చారు. రిజర్వేషన్ల గురించి ఆనాడు వీధుల్లో జరిగిన గొడవ కంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడంలో ఎంతో ఎక్కువ సరుకుంది. వాజ్‌పేయి ప్రభుత్వంలో మంత్రిగా చేసి తర్వాత మోదీ ప్రభుత్వాన్ని తూర్పారబట్టిన అరుణ్ శౌరి గూడు వదిలినవారే. కానీ గోడ దూకిన ప్రతివాడూ ఆలోచనాపరుడు కాడు. అలాంటివాళ్లను తెలుగువాళ్లు ప్రతి ఎన్నికకూ చూస్తూనే ఉన్నారు.

అన్నిటికీ రెండు పక్షాలుంటాయనుకోవడం కూడా పొరపాటే. టీకా పనిచేస్తుందా లేదా అన్నదానికి సరిసమానమైన రెండు వాదాలేమీ లేవు. కులాన్ని సమర్థించే పుస్తకాన్ని ఓపిగ్గా చదవమని దళిత పాఠకుడికి చెప్పే హక్కు ఎవరికుంది? అయితే అంబేడ్కర్ మాత్రం చదివారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆయనకు శాస్త్రాల మీద ఉన్న పట్టు, వాటిని పూజించేవారిలో చాలామందికి లేదు.

ఇక డబ్బు సంగతి. తిట్టు ఉచితం, ఆలోచనకు చందా కట్టాలి. మంచి కాలమిస్టులు రాసే ఇంగ్లీష్ పత్రికల్లో చాలా వరకు నెట్‌లో డబ్బు కడితేగానీ తలుపు తీయవు. యూట్యూబ్‌లో మాత్రం ఎర్రక్షరాల ఆశ్చర్యార్థకాలతో రాజకీయ విశ్లేషణ అనబడేది ఇరవై నాలుగు గంటలూ దొరుకుతుంది. తెలుగులో చదివేవారికి ఇంకో అడ్డు. రామచంద్ర గుహ వంటివారి వ్యాసాలు కొన్ని దినపత్రికల సంపాదకీయ పేజీల్లో అనువాదమై కనిపిస్తాయి. అంతకు మించి రెండు పక్షాలవీ వరుసగా తెలుగులో దొరకడం కష్టం. అలాగని అన్ని దారులూ మూసుకుపోలేదు. రాజ్యాంగ సభ చర్చలు, అంబేడ్కర్ రచనలు, గాంధీ సంపుటాలు పైసా ఖర్చు లేకుండా నెట్‌లో చదువుకోవచ్చు. సాయినాథ్ స్థాపించిన 'పరి' ఉచితమే, అందులో తెలుగు కూడా ఉంది.

ఆ చట్టాల కథ చివరికి ఏమైందన్నది కూడా చెప్పుకోవాలి. 2021 జనవరి 12న సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపేసి కమిటీ వేసింది. నలుగురిలో ఒకరు తప్పుకోగా గులాటీ, ప్రమోద్ జోషి, షెట్కారీ సంఘటన నేత అనిల్ ఘన్వట్ మిగిలారు. చట్టాలను ముందే మెచ్చుకున్నవాళ్లతో కమిటీ ఏమిటని ఉద్యమ సంఘాలు దాని గడప తొక్కలేదు. మార్చిలో నివేదిక సీల్డు కవర్‌లో కోర్టుకు చేరి అక్కడే ఉండిపోయింది. నవంబర్ 19న ప్రధాని చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. పదిరోజుల్లో పార్లమెంటు రద్దు చేసింది. డిసెంబర్‌లో ట్రాలీలు ఇళ్ల దారి పట్టాయి.

నివేదికను 2022 మార్చిలో ఘన్వట్ తనంతట తానే బయటపెట్టారు. తమతో మాట్లాడిన 73 రైతు సంఘాల్లో 61 చట్టాలను సమర్థించాయని అందులో ఉంది. సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్నవాళ్లు ఆ 73లో లేరని వ్యతిరేకులు గుర్తు చేశారు. చట్టాలను రాష్ట్రాలు తమకు తగ్గట్టు అమలుచేసుకునే వీలుండాలన్న సిఫారసు కూడా అందులో ఉంది. ఢిల్లీలో చర్చ అంతా నడిచిన ఏడాదిలో ఆ మాట పాఠకుడి దాకా వచ్చిన దాఖలా లేదు. నివేదిక బయటికొచ్చిన రోజుకు టీవీ స్టూడియోలు వేరే గొడవలో ఉన్నాయి.